గుడి రేకుల లెక్క ఎవరిని అడగాలి?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం మన కతోలిక గుడుల పాలన గురించే. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు. నేను ఫాదర్‌ను కాను, వరంగల్ మేత్రాసనంలో, అంటే ఆ బిషప్ గారి పాలన కింది ప్రాంతంలో, పుట్టి పెరిగిన మామూలు గృహస్థుణ్ణి. కొన్నేళ్లు పారిష్ కౌన్సిల్లో, అంటే మా విచారణ (ఒక ఫాదర్ చూసుకునే గుడి, దాని కింది ఊళ్లు) సలహా మండలిలో పనిచేశాను, అక్కడ నేర్చుకున్నదీ తర్వాత కూర్చుని చదువుకున్నదీ కలిపి రాస్తున్నాను.

ప్రశ్న: మా పల్లె గుడికి రేకులు మార్చాలని నాలుగేళ్ల కిందట ఇంటికి రెండు వేల చొప్పున వసూలు చేశారు. కూలికి పోయేవాళ్లు కూడా కడుపు కట్టుకుని ఇచ్చారు. రేకులు మార్చలేదు. ఈలోపు ఫాదర్ గారికి ట్రాన్స్‌ఫర్ అయింది, కొత్తగా వచ్చినాయన "నాకు తెలియదు, పాత ఫాదర్‌ను అడగండి" అంటున్నారు. హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ గారు పోపును ఎన్నుకునే కార్డినళ్లలో ఒకరు కూడా కదా, నేరుగా ఆయనకే రాస్తే పని అవుతుందా?
– ఒక పాఠకుడు, హన్మకొండ జిల్లా

జవాబు: అన్నా, ముందు సూటిగా చెబుతాను. ఆర్చ్‌బిషప్ గారికి రాస్తే మీ రేకులు రావు. ఆయనకు మనసు లేక కాదు, ఆ అధికారం ఆయన చేతిలో లేదు. మనలో చాలామంది కలెక్టర్ పైన చీఫ్ సెక్రటరీ ఉన్నట్టు బిషప్ పైన ఆర్చ్‌బిషప్ ఉంటారని అనుకుంటాం. కతోలిక సభలో లెక్క అది కాదు. ప్రతి మేత్రాసనానికీ ఆ బిషప్పే పాలకుడు, ఆయన నేరుగా పోపుగారికి జవాబుదారీ. హైదరాబాద్ అగ్రపీఠం (ఆర్చ్‌బిషప్ గారి మేత్రాసనం) కింద వరంగల్, ఖమ్మం, నల్లగొండ, కడప, కర్నూలు మేత్రాసనాలు ఉన్నాయి. అయితే ఆ "కింద" అనే మాటకు అర్థం చాలా చిన్నది. విశ్వాసం, క్రమశిక్షణ సరిగ్గా సాగుతున్నాయా లేదా అని అగ్రపీఠాధిపతి కనిపెట్టి ఉంటారు, ఏదైనా తప్పు జరుగుతుంటే పోపుగారికి తెలియజేస్తారు. బిషప్ తన మేత్రాసనంలో విచారణల తనిఖీకే వెళ్లకపోతే, రోమ్ అనుమతి తీసుకుని ఈయన వెళ్లొచ్చు. పాలన విషయంలో ఇంకో మేత్రాసనం మీద ఆయన అధికారం దాదాపు అంతే. వరంగల్‌లో ఫాదర్లను మార్చడం, డబ్బు లెక్క అడగడం ఆయన చేయలేరు. వరంగల్ బిషప్ ఇచ్చిన ఉత్తర్వు మీద అప్పీలు చేయాలన్నా అది హైదరాబాద్‌కు పోదు, రోమ్‌కే పోతుంది.

మరి మీ దారి ఏది? 1983 నాటి చర్చి చట్టంలోనే ఉంది, దాన్ని మనకు ఎవరూ చదివి వినిపించరు, నాకు బాధ అక్కడే. 537వ నియమం ప్రకారం ప్రతి విచారణలో ఆర్థిక మండలి ఉండి తీరాలి, ఇది ఫాదర్ గారి ఇష్టానికి వదిలేసిన సంగతి కాదు. 1267వ నియమం ప్రకారం ఒక పని పేరు చెప్పి తీసుకున్న కానుకను ఆ పనికే వాడాలి. రేకుల కోసం తీసుకుంటే రేకులకే. 1284వ నియమం ప్రకారం జమాఖర్చుల పుస్తకం సక్రమంగా రాయాలి, ఏడాది చివర నివేదిక తయారు చేయాలి. ఇక 1287 అయితే విశ్వాసులు ఇచ్చిన దాని లెక్క విశ్వాసులకే చెప్పాలంటుంది. ఏ పద్ధతిలో చెప్పాలన్నది స్థానిక నిబంధనలు నిర్ణయిస్తాయి గానీ, చెప్పాలన్నది మాత్రం ఖాయం. కాబట్టి "పాత ఫాదర్‌ను అడగండి" అన్నది జవాబు కాదు. డబ్బు ఇచ్చింది పాత ఫాదర్‌కు కాదు, గుడికి. గుడి ఇంకా అక్కడే ఉంది, పుస్తకం కూడా అక్కడే ఉండాలి.

మీరు చేయాల్సింది ఇది. ఎవరెవరు ఎంత ఇచ్చారో జాబితా రాసుకోండి, రసీదులుంటే జత చేయండి, లేకపోతే ఇచ్చినవాళ్లు సంతకాలో వేలిముద్రలో పెట్టండి. ఆరేడుగురు కలిసి వెళ్లి ఆ కాగితం విచారణ గురువుల చేతికి ఇచ్చి, ఒక కాపీ మీద అందినట్టు రాయించుకోండి. అందులో కోపం మాటలు వద్దు, ఎవరినీ దొంగ అనొద్దు, ఎందుకంటే ఆ డబ్బు బ్యాంకులోనే భద్రంగా ఉండి ఉండొచ్చు, లేదా ఇంకో అవసరానికి వాడి చెప్పకుండా వదిలేసి ఉండొచ్చు, మనకు తెలియదు. నెల గడిచినా కదలిక లేకపోతే ఫాతిమానగర్‌లో బిషప్ గారి కార్యాలయానికి అదే కాగితం పంపండి, మేత్రాసనంలో డబ్బు వ్యవహారాలు చూసే ఫాదర్ గారికి ఒక కాపీ. మన అవసరాలు, అభిప్రాయాలు కాపరులకు తెలియజేసే హక్కు మనకుందని 212వ నియమం చెబుతుంది, సందర్భాన్ని బట్టి అది బాధ్యత కూడా అంటుంది.

ఇంకో మాట, నా చిన్నప్పటిది. మా ఊళ్లో ఫాదర్ లేనప్పుడు ప్రార్థనలు నడిపే ఉపదేశి దగ్గర నీలి అట్ట నోటుబుక్కు ఒకటి ఉండేది. ఆడవాళ్లు రోజూ వండేముందు గుప్పెడు బియ్యం పక్కకు తీసి ఆదివారం తెచ్చేవాళ్లు, కోతలప్పుడు వడ్లు, మక్కలు తెచ్చేవాళ్లు. పూజ అయిపోయాక ఫాదర్ గారు బట్టలు మార్చుకుంటుంటే ఈయన గుమ్మం దగ్గర నిలబడి ఫలానా ఇల్లు మానెడు బియ్యం, ఫలానా ఇల్లు రెండు కుంచాలు వడ్లు అని గట్టిగా చదివేవాడు. తర్వాత, దీపం నూనెకు ఇంత పోయింది, గోడకు సున్నానికి ఇంత పోయింది అని. ఒకసారి మా నాయనమ్మ "నావి రెండు కుంచాలు కాదు, మూడు" అంది. ఆయన అక్కడే చెవి మీది పెన్సిల్ తీసి దిద్దాడు. ఆయన నాలుగో తరగతి చదివాడంతే. ఆయనకు వచ్చిన పని చదువుకున్న మనకు ఎందుకు చేతకావడం లేదో నాకు అర్థం కాదు.

ప్రశ్న: డోర్నకల్ బిషప్, మెదక్ బిషప్ కూడా హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ కిందే ఉంటారా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబాబాద్

జవాబు: లేదు తమ్ముడూ. ఆ రెండూ సీఎస్‌ఐ సంఘానివి, అంటే 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానివి. డోర్నకల్‌కు 1912లోనే అజరయ్య గారు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. మెదక్ కెథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. వాటి పాలన వేరు, ఎన్నికలు వేరు. అక్కడ గొడవ జరిగిందని పేపర్లో చూసి మన ఆర్చ్‌బిషప్ గారిని, ఇక్కడ జరిగిందని చూసి వాళ్లను అనడం రెండూ తప్పే.

ప్రశ్న: మాది మంచిర్యాల. మేం హైదరాబాద్ కిందా, కేరళ కిందా? పెళ్లి సంబంధాల దగ్గర ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తోంది.
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీది ఆదిలాబాద్ మేత్రాసనం, 1999లో ఏర్పడింది, సీరో మలబార్ సంప్రదాయానిది, అంటే కేరళ నుంచి వచ్చిన కతోలిక సంప్రదాయానిది. అందుకే పూజ క్రమం కొంచెం వేరుగా ఉంటుంది. హైదరాబాద్ పక్కనే శంషాబాద్ పేరుతో 2017లో ఆ సంప్రదాయానికి ఇంకో పెద్ద మేత్రాసనం వచ్చింది, 2025లో దాన్ని అగ్రపీఠం చేశారు. మీ మేత్రాసనం హైదరాబాద్ కింద కాదు, ఆ శంషాబాద్ అగ్రపీఠం కింద ఉంటుంది. విశ్వాసం ఒకటే, పోపుగారు ఒకరే, పెళ్లికి అడ్డేమీ లేదు. ఏ సంప్రదాయంలో పెళ్లి జరిపించాలి, కాగితాలు ఎవరు ఇవ్వాలి అన్నది ఇద్దరు ఫాదర్లతో ముందే మాట్లాడుకోండి, ముహూర్తం దగ్గర పడ్డాక టెన్షన్ పడొద్దు.

ప్రశ్న: బిషప్ గారు బదిలీ అయితే కొత్తవారు రావడానికి ఏళ్లు పడుతోంది, ఎందుకు? ఈలోపు అన్ని పనులూ ఆగిపోతున్నాయి. ఆర్చ్‌బిషప్ గారు త్వరగా వేయించలేరా?
– రిటైర్డ్ ఉద్యోగి, కాజీపేట

జవాబు: మీ బాధ నాకు తెలుసు. వరంగల్ మేత్రాసనం 1952 డిసెంబర్‌లో ఏర్పడింది, మిలాన్ నుంచి వచ్చిన పీమే అనే మిషనరీ సభకు చెందిన బెరెట్టా గారు మొదటి బిషప్, 1985 దాకా ఆయనే. తర్వాత తుమ్మ బాల గారు, దాదాపు పాతికేళ్లు. 2011లో ఆయన్ను హైదరాబాద్ ఆర్చ్‌బిషప్‌ను చేశాక ఉడుముల బాల గారు వచ్చేసరికి 2013. ఆయన్ను 2024లో విశాఖ ఆర్చ్‌బిషప్‌గా వేశారు. అంటే మన వరంగల్ బిషప్పులు ఇద్దరు ఆర్చ్‌బిషప్పులై వెళ్లారు, అది మనకు గర్వమే, కానీ వెళ్లిన ప్రతిసారీ ఇక్కడ కుర్చీ ఖాళీ అయింది.

ఖాళీ అయిన మేత్రాసనంలో పని ఎందుకు ఆగుతుందంటే, చట్టమే ఆపుతుంది. బిషప్ లేనప్పుడు కొత్తగా ఏదీ మార్చకూడదన్నది నియమం. సలహాదారులైన ఫాదర్లు ఎనిమిది రోజుల్లో ఒక పాలనాధికారిని ఎన్నుకుంటారు, ఎన్నుకోలేకపోతే అగ్రపీఠాధిపతి ఒకరిని వేస్తారు. ఆ పాలనాధికారి రోజువారీ పనులు నడపగలరు, పెద్ద నిర్ణయాలకు కొత్త బిషప్ కోసం ఆగాలి. ఇది మంచికే పెట్టిన నియమం, రాబోయే ఆయన చేతులు కట్టేయకుండా. కానీ రెండేళ్లు సాగితే పల్లెల్లో ఎంత నష్టమో ఆ నియమం రాసినవాళ్లకు తెలిసుండదు.

ఎంపిక ఎలా జరుగుతుందో కూడా చెబుతాను. ప్రాంతంలోని బిషప్పులు మూడేళ్లకోసారైనా తగిన ఫాదర్ల జాబితా రహస్యంగా తయారు చేస్తారు. కుర్చీ ఖాళీ అయ్యాక ఢిల్లీలో ఉండే పోపుగారి రాయబారి చాలామందిని విడివిడిగా అడిగి మూడు పేర్లు రోమ్‌కు పంపుతారు. ఇక్కడ అగ్రపీఠాధిపతి అభిప్రాయానికి నిజంగా బరువు ఉంటుంది, ఆయన్ను అడగకుండా పేర్లు పోవు. అవసరమనుకుంటే జ్ఞానం గల గృహస్థులను కూడా అడగొచ్చని చట్టంలో ఉంది. నా కోరిక ఒక్కటే, ఆ "అవసరమనుకుంటే" అన్నది ప్రతిసారీ అవసరం కావాలి. మా విచారణలో ముప్పై ఏళ్లుగా పిల్లలకు జపం నేర్పుతున్న టీచరమ్మను అడిగితే, ఏ ఫాదర్ ఓపిక గలవాడో, ఎవరు రోగి ఇంటికి రాత్రి పన్నెండింటికైనా వస్తారో వేలు పెట్టి చూపిస్తుంది.

ప్రశ్న: నేను దళిత కతోలికుణ్ణి. 2022లో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయినప్పుడు మా వాడలో టపాకాయలు కాల్చాం. మొదటి తెలుగు కార్డినల్, మొదటి దళిత కార్డినల్. కానీ మా విచారణలో ఏమీ మారలేదు, గుడి కమిటీలో పెద్ద పదవి ఒక్కసారీ మా వాడకు రాలేదు, సమాధుల తోటలో కూడా ఎవరి మూల వాళ్లదే. ఎవరితో చెప్పుకోవాలి?
– ఒక యువకుడు, ఉమ్మడి కరీంనగర్ జిల్లా

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను పెరిగింది కూడా అలాంటి ఊళ్లోనే. గుంటూరు వైపు నుంచి భూములు కొనుక్కుని వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఒకవైపు, ఇక్కడి వాడలు ఒకవైపు. ఒకే గుడి, ఒకే సత్ప్రసాదం, బయటికి వచ్చాక రెండు దారులు. మా పెద్దలు దాన్ని తప్పనుకోలేదు, నేను చాలాకాలం గమనించనేలేదు. గమనించకపోవడం కూడా తప్పే, ఆ తప్పు నాది.

నాయకత్వంలో మార్పు రాలేదని అనలేం. 2000లో మారంపూడి జోజి గారు హైదరాబాద్‌కు వచ్చినప్పుడు దేశంలోనే మొదటి దళిత ఆర్చ్‌బిషప్ ఆయన. పూల ఆంథోనీ గారు కర్నూలు బిషప్‌గా పన్నెండేళ్లు చేశాక 2020లో ఆయన్ను హైదరాబాద్‌కు వేశారు, 2025 మేలో కొత్త పోపును ఎన్నుకున్న కార్డినళ్లలో ఆయన ఒకరు. మన వాడలో పుట్టిన పిల్లాడు ఆ గదిలో కూర్చుని ఓటు వేయగలడని తెలియడం చిన్న సంగతి కాదు. అయితే నేను మొదటి జవాబులో రాసింది ఇక్కడా వర్తిస్తుంది. కార్డినల్ గారు మీ ఊరి కమిటీని వేయలేరు. ఒక్క మనిషి పైకి వెళ్లడం వల్ల కింద సమాధుల తోట గోడ దానంతటది కూలదు.

మీ చేతిలో ఉన్నది ఒకటుంది. 2016 డిసెంబర్‌లో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళితుల సాధికారత మీద ఒక విధాన పత్రం విడుదల చేసింది. సభలో వివక్ష ఉందని అందులో బిషప్పులే ఒప్పుకున్నారు, దాన్ని సహించేది లేదన్నారు. ఆ పత్రం కాపీ సంపాదించండి. కమిటీ వేసేటప్పుడు దాన్ని బల్ల మీద పెట్టి "మన బిషప్పులు ఇలా అన్నారు, మన ఊళ్లో ఎలా అమలు చేద్దాం?" అని అడగండి. సమాధుల తోట సంగతి విడిగా బిషప్ గారికి రాయండి, ఫోటోలతో. బిషప్ ఐదేళ్లలో మేత్రాసనమంతా ఒకసారైనా తిరగాలి, మీ విచారణకు వచ్చిన రోజు ఆయన్ను పూలదండతో పంపించేయకండి, అక్కడికి నడిపించుకుని వెళ్లి చూపించండి.

ప్రభుత్వం వైపు దెబ్బ వేరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల ఎస్సీ హోదా హిందువులకే అన్నారు, తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులకు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టారు. బయట క్రైస్తవుడని ఎస్సీ కాదంటారు, లోపల దళితుడని వెనక వరుస అంటారు. బయటిది మన చేతుల్లో పూర్తిగా లేదు. లోపలిది ఉంది. అందుకే లోపలిది మారకపోతే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

ప్రశ్న: మా పిల్లలు గుడికి రావడం మానేసి టౌన్‌లో ప్రార్థన కూటాలకు పోతున్నారు. ఫాదర్ గారు నెలకు ఒక్క ఆదివారమే మా ఊరికి వస్తున్నారు. బిషప్పులు దీని గురించి ఆలోచించడం లేదా?
– జనగామ

జవాబు: ఆలోచిస్తున్నారు, కానీ మనుషులు చాలడం లేదు. ఈమధ్య ఒక యువ ఫాదర్‌తో ఒక ఆదివారమంతా తిరిగాను. పొద్దున్నే బైకు మీద పూజ సామాను సంచి ముందు పెట్టుకుని బయలుదేరారు, వాన. మూడు ఊళ్లలో పూజ, మధ్యలో ఒక ఇంట్లో ముసలాయనకు అవస్థ అభ్యంగనం (రోగికి నూనె రాసి చేసే ప్రార్థన), సాయంత్రానికి గొంతు పోయింది. ఆ ఇంటివాళ్లు అన్నం తిని పొమ్మంటే, తింటే తర్వాతి ఊరికి ఆలస్యమవుతుందని నిలబడే మజ్జిగ తాగారు. ఆయన్ను "మా ఊరికి రావట్లేదు" అని అనలేకపోయాను. మీ పిల్లలు పోతున్నది పాటల కోసమో అద్భుతాల కోసమో మాత్రమే కాదు, అక్కడ పేరు పెట్టి పిలిచేవాళ్లున్నారు. ఫాదర్ రాని మూడు ఆదివారాలూ గుడి తాళం తీయండి, వాక్యం చదవండి, జపమాల చెప్పండి, కీబోర్డు వచ్చిన కుర్రాడికి అప్పగించండి. ఒకప్పుడు పల్లెల్లో విశ్వాసం నిలబెట్టింది ఉపదేశులే. వాళ్లకు సరైన జీతం ఇవ్వక, తర్ఫీదు ఆపేసి ఆ వ్యవస్థను మనమే ఎండగట్టాం. బిషప్పులను గట్టిగా అడగాల్సింది ఏదైనా ఉందంటే ముందు అదే.

ప్రశ్న: పారిష్ కౌన్సిల్లో, ఆర్థిక మండలిలో ఆడవాళ్లు ఉండొచ్చా? అడిగితే "ఇంట్లో పనులు చూసుకోండి" అన్నారు.
– ఒక పాఠకురాలు, హుజూరాబాద్

జవాబు: నిక్షేపంగా ఉండొచ్చమ్మా, ఏ నియమమూ అడ్డు చెప్పదు. 2023 అక్టోబర్‌లో రోమ్‌లో జరిగిన సినడ్‌లోనే (పోపుగారు పిలిచే బిషప్పుల సమావేశంలోనే) మొదటిసారి మహిళలు ఓటు వేశారు, ఊరి కమిటీలో అడ్డేమిటి? మిమ్మల్ని అలా అన్నవాళ్లకు ఈ మాట చూపించండి. మా విచారణలో రెండేళ్లుగా ఆర్థిక మండలిలో ఉన్నది బీడీలు చుట్టే ఒక అమ్మ. మొన్న నెలాఖరు ఆదివారం పూజ అయ్యాక ఆమె మైకు ముందుకు వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుని, నెల లెక్క చదివింది. కరెంటు బిల్లు దగ్గర వెనక వరుస నుంచి ఎవరో "ఆ అంకె మళ్లీ చెప్పమ్మా" అన్నారు. ఆమె వేలు వెనక్కి జరిపి మళ్లీ చదివింది.